నుసా పెనిడా ఫుల్ డే డైవింగ్ ట్రిప్‌కి 14 డైవ్‌ల అనుభవం సరిపోతుందా?

స్కూబా డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ కార్డు వచ్చి మూడు నెలలైంది, 14 డైవ్‌లు చేశా, అన్నీ అండమాన్ హేవ్‌లాక్‌లో నెమ్మదైన నీళ్ళలోనే, ఆగస్టులో బాలి వెళ్తున్నా, దాని పక్కనున్న నుసా పెనిడా ద్వీపానికి మూడు డైవ్‌ల ట్రిప్ బుక్ చేసుకోవచ్చా అని అడిగారు కదండీ. నన్నడిగితే వెళ్ళండి, కానీ క్రిస్టల్ బే మాత్రం ఈసారికి వదిలెయ్యండి.

నేను వెళ్ళింది కూడా ఆగస్టులోనే, అప్పటికి నావి 38 డైవ్‌లు. బాలి ఒడ్డునున్న సనూర్‌లో పొద్దున్నే బోటెక్కితే పెనిడా చేరడానికి ముప్పావుగంట పట్టింది, ఆ ముప్పావుగంటా బోటు ఎగిరెగిరి పడుతూనే ఉంది, మాతో వచ్చిన ఎనిమిది మందిలో ముగ్గురికి అక్కడే వాంతులు. ఖాళీ కడుపుతో ఎక్కితే ఇంకా ఎక్కువ తిప్పుతుంది, రెండు అరటిపళ్ళో బ్రెడ్డో తినండి, ఫోన్ చూడకుండా దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే చోట చూపు పెట్టండి. అవోమిన్ లాంటి మాత్రతో మత్తొస్తుంది, మత్తుతో నీళ్ళలోకి దిగకూడదు, అందుకే ఏ మాత్ర వేసుకోవాలో ఇక్కడే డాక్టర్ని అడిగి, ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి వేసుకుని చూడండి.

మొదటి డైవ్ మాంటా పాయింట్. అది ద్వీపానికి దక్షిణం వైపు, హిందూ మహాసముద్రం నుంచి వచ్చే అలలు నేరుగా ఆ కొండకి కొడతాయి. లోతు పెద్దగా ఉండదు, మేం 12 మీటర్లు దాటలేదు, కానీ కింద కూడా అల మనల్ని ఓ రెండు మీటర్లు ముందుకి తోసి మళ్ళీ వెనక్కి లాగుతుంది. దానికి ఎదురు ఈదకండి, గాలి అంతా దానికే అయిపోతుంది, అది తోసినప్పుడు పోండి, లాగినప్పుడు ఊరుకోండి. మాంటా నా తల మీదుగా వెళ్ళినప్పుడు దాని పొట్ట మీది నల్లమచ్చలు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా వచ్చింది, ఆ ఒక్క నిమిషం కోసం ఆ బోటు ప్రయాణం మళ్ళీ చేయమన్నా చేస్తాను.

రెండోది క్రిస్టల్ బే, మోలా మోలా అనే పెద్ద సన్‌ఫిష్ చేపల కోసం. జూలై నుంచి అక్టోబర్ దాకా అడుగు నుంచి చల్లనీళ్ళు పైకొస్తాయి, వాటితో పాటే ఆ చేపలూ వస్తాయి. పసిఫిక్ నీళ్ళు హిందూ మహాసముద్రంలోకి పారే దారుల్లో లొంబొక్ జలసంధి ఒకటి, పెనిడా ఉన్నది సరిగ్గా దాని నోట్లోనే, అందుకే అక్కడి కరెంట్, అంటే నీటి ప్రవాహం, ఎప్పుడెటు తిరుగుతుందో గైడ్లకే పూర్తిగా అంతుపట్టదు. 22 మీటర్ల దగ్గర, లోతూ నీళ్ళ చలీ చూపించే నా డైవ్ కంప్యూటర్‌లో 26 డిగ్రీలు కాస్తా రెండు నిమిషాల్లో 19 అయింది, చేతివేళ్ళు బిగుసుకుపోయాయి. అప్పుడు చూశాను, నేను వదిలిన బుడగలు పైకి పోవట్లేదు, నా మొహం ముందు నుంచి కిందికి పోతున్నాయి. నేను కూడా దిగిపోతున్నానని అప్పటిదాకా తెలీనే లేదు. గైడ్ నా బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్టు) పట్టి రాతి వైపు లాగాడు, ఇద్దరం రాయి పట్టుకుని చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ గోడ ఎక్కినట్టు ఎక్కాం. 31 మీటర్ల దాకా పోయామని తర్వాత కంప్యూటర్ చూస్తే తెలిసింది. అక్కడ కంగారుపడి బీసీడీలో గాలి నింపేస్తే, కరెంట్ వదలగానే బెలూన్‌లా పైకి లేచిపోతాం, అది ఇంకా ప్రమాదం. 14 డైవ్‌ల దగ్గర ఇవన్నీ చేతికి అలవాటై ఉండవు, మీ ధైర్యాన్ని తక్కువ చేయట్లేదు, అలవాటు కావడానికి టైమ్ పడుతుంది అంతే.

ఎస్‌ఎంబీ, అంటే మనం ఎక్కడున్నామో బోటు వాళ్ళకి కనపడేలా గాలి నింపి పైకి వదిలే గొట్టం, మీకంటూ ఒకటి కొనుక్కోండి, గైడ్ దగ్గర ఉందిలే అనుకోవద్దు. 2014 ఫిబ్రవరిలో పక్కనే లెంబొంగన్ ద్వీపం దగ్గర ఏడుగురు జపాన్ డైవర్లు వాతావరణం పాడై కొట్టుకుపోయారు, ఐదుగురే బతికారు, వాళ్ళు దొరకడానికి మూడు రోజులు పట్టింది. ఎగిసే అలల మధ్య తల ఒక్కటే పైన ఉంటే యాభై మీటర్ల దూరంలో ఉన్న బోటు వాళ్ళకి కూడా కనపడదండీ.

నిచ్చెన గురించి ఎవరూ చెప్పరు. నాకు దెబ్బ తగిలింది నీళ్ళ కింద కాదు, అక్కడే. అలకి బోటు లేచినప్పుడు నిచ్చెన మీటరు పైకెళ్ళి ధన్‌మని కింద పడుతుంది, నేను తొందరపడి దగ్గరికెళ్తే గడ్డం కింద తగిలి మూడు కుట్లు పడ్డాయి. పక్కన ఆగి, అది కిందికి దిగినప్పుడు పట్టుకోండి, ఎక్కేముందు బరువులూ ట్యాంకూ పైకి అందించెయ్యండి, అప్పటిదాకా గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లోంచి తీయకండి, ఒక డైవర్ ఎక్కుతుంటే అతని కింద ఎప్పుడూ ఉండొద్దు.

మూడో డైవ్ నేను చేయలేదు, కుట్లు లేకపోయినా చేసేదాన్ని కాదు, చలికి వణుకుతూ ఉన్నా. మీరూ బోటు మీద ఒంట్లో బాలేకపోతే నేను దిగను అని చెప్పెయ్యండి, డబ్బులు పోతే పోనీండి. 5 ఎంఎం వెట్‌సూట్ కావాలని ముందే అడగండి, చివరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోండి.

బుక్ చేసేటప్పుడు మీ 14 డైవ్‌ల సంగతి ఉన్నదున్నట్టు రాసి, మాంటా పాయింట్ చేశాక క్రిస్టల్ బే బదులు ఉత్తరం వైపు ఎస్‌డీ పాయింట్‌లో డ్రిఫ్ట్ డైవ్ (ప్రవాహంతో పాటే కొట్టుకుపోతూ చేసేది) చేయిస్తారా, ఒక గైడ్‌కి ఎంతమంది అని అడగండి. ఇద్దరు ముగ్గురి కంటే ఎక్కువ అంటే ఇంకో షాపు చూసుకోండి.