వైజాగ్ నుంచి వెళ్లేవాళ్లకు హిమాలయాల్లో తేలికైన సరస్సు ట్రెక్ ఏది? గైడ్ అవసరమా?

ఇంట్లో నలుగురు, ఎవరికీ ట్రెక్కింగ్ అలవాటు లేదు, మనాలి దగ్గరి భృగు సరస్సు 'ఈజీ' అని ఏజెంట్ చెబుతున్నాడు, వెళ్లొచ్చా అని కదా అడిగారు. మొదటిసారికి భృగు వద్దండి. ఉత్తరాఖండ్‌లో దేవరియాతాల్ అనే సరస్సుకి వెళ్లండి.

ఏజెంట్లు 'ఈజీ' అనేది కిలోమీటర్లు చూసి. సముద్రమట్టం నుంచి బయలుదేరే మనం చూడాల్సింది మీటర్లు. భృగు 4,200 మీటర్ల పైన ఉంటుంది. ఆర్కే బీచ్‌లో ఒక ఊపిరికి అందే ఆక్సిజన్‌లో అక్కడ దాదాపు 60 శాతమే అందుతుంది. దేవరియాతాల్ సుమారు 2,400 మీటర్లు, అక్కడైతే 75 శాతం దాకా. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వికారం మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. అదీ చేరగానే రావు, ఆరు నుంచి పన్నెండు గంటలకు, అంటే అర్ధరాత్రి టెంట్లో. 'లంబసింగి చలే తట్టుకున్నాం' అంటారు మనవాళ్లు. చలి వేరు, ఎత్తు వేరు. లంబసింగి వెయ్యి మీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

ఏ ట్రెక్‌కైనా ఏజెంట్‌ని ఒక్కటే అడగండి: ఏ రాత్రి ఎన్ని మీటర్ల ఎత్తున పడుకుంటాం? 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. 'ఏం పర్లేదు సార్, చిన్నపిల్లలు కూడా వెళ్తున్నారు' అన్నాడంటే వాడిని వదిలేయండి. పైన ఎవరికైనా తాగినవాడిలా అడుగులు తడబడినా, కూర్చున్నా ఆయాసం ఆగకపోయినా మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు, వెంటనే కిందికి దింపాలి.

ఢిల్లీ దాకా ఏపీ ఎక్స్‌ప్రెస్, అక్కడి నుంచి రిషికేశ్. రిషికేశ్‌లో తెల్లవారుజామున జీపు ఎక్కితే దేవప్రయాగ, రుద్రప్రయాగ, ఊఖీమఠ్ మీదుగా సారి అనే ఊరు చేరేసరికి సాయంత్రం. అనంతగిరి ఘాట్ మలుపుల్లో వాంతి చేసుకునేవాళ్లు ఇక్కడా చేసుకుంటారు. మాత్ర జీపు ఎక్కడానికి ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేస్తే అదీ బయటికి వచ్చేస్తుంది. జులై, ఆగస్టుల్లో ఈ రోడ్డు మీద కొండచరియలు పడతాయి, ఆ నెలలు వదిలేయండి. మేలో దారి బాగుంటుంది గానీ దుమ్ము పొగలా కమ్మేసి శిఖరాలు సరిగ్గా కనపడవు. దసరా దాటాక నవంబరు దాకా మంచి సమయం.

నడక సారి నుంచే. మూడు కిలోమీటర్ల లోపు, నాలుగు వందల మీటర్ల ఎక్కుడు, నింపాదిగా రెండున్నర గంటలు. చెడేది మొదటి అరగంటలోనే. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచినవాళ్లకు మూడు ఒక లెక్కా అనిపిస్తుంది. అది రోడ్డు మీద నడక, ఇది ఎక్కుడు. కుర్రాళ్లు గబగబా ఎక్కుతారు, స్వెటర్ విప్పరు, ఇరవై నిమిషాలకే రాయి మీద కూలబడతారు. లోపలి కాటన్ బనీను చెమటకు తడిసి ఉంటుంది, గాలి తగలగానే వణుకు. మళ్లీ లేచి పరుగు, మళ్లీ కూలబడడం. ఈలోగా వెనకాల వచ్చే పెద్దావిడ ఎక్కడా ఆగకుండా వీళ్లను దాటిపోతుంది. ఆవిడ వేగమే సరైన వేగం: నడుస్తూ ఒక పూర్తి వాక్యం తడబడకుండా మాట్లాడగలగాలి. బయలుదేరేటప్పుడు కాస్త చలిగా అనిపించేటన్ని బట్టలే చాలు, ఆగినప్పుడు జాకెట్ వేసుకోవాలి. ఒంటికి తగిలేది నైలాన్ లేదా పాలిస్టర్ ఉండాలి, జీన్స్ అసలొద్దు. ఇంకో తిరకాసు, మన ఊళ్లో చెమట కారితే తెలుస్తుంది, పొడిగాలిలో కారకముందే ఆరిపోతుంది. అందుకే దాహం లేకపోయినా మధ్యమధ్యలో నాలుగు గుక్కలు తాగాలి.

గైడ్ సంగతి. దారి తప్పే దారి కాదు, ఊరి నుంచి స్పష్టంగానే ఉంటుంది. అయినా పెట్టుకోమంటాను. 7,138 మీటర్ల చౌఖంబా శిఖరం సరస్సు నీళ్లలో కనపడాలంటే పొద్దున్నే పైన ఉండాలి, మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో కొండ మీది పచ్చికబయళ్లలో రాత్రి బస నిషేధించింది, కాబట్టి సరస్సు ఒడ్డునే టెంట్ అని ఎవరైనా చెబితే అనుమతి ఉందా అని నిలదీయండి. సారిలోనే పడుకుని చీకట్లో బయలుదేరడం మేలు. అది ఎలుగుబంట్లు తిరిగే అడవి, టార్చిలతో, ఊరి మనిషితో వెళ్లాలి. సరస్సు దాటి రోహిణీ బుగ్యాల్ అనే పచ్చికబయలు మీదుగా చోప్తా వెళ్లే దారి మాత్రం గైడ్ లేకుండా పట్టొద్దు, అడవిలో బాట చీలిపోతుంది. కంచర గాడిదలు ఎదురొస్తే కొండవైపు నిలబడండి. లోయవైపు నిలబడితే వాటి మూటే తోసేస్తుంది.

అన్నం కోసం గొడవపడకండి. ఆ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి, ప్రెషర్ కుక్కర్ లేకపోతే కందిపప్పు ఎంతసేపైనా గింజగానే ఉంటుంది. రొట్టెలు తినండి.

సాధనకు బీచ్ రోడ్డు వాకింగ్ పనికిరాదు, చదును నేల. మోకాళ్లు, తొడలు దెబ్బతినేది దిగేటప్పుడు. సింహాచలం తొలిపావంచా నుంచి మెట్లెక్కి, బస్సులో కాకుండా మెట్ల మీదే దిగండి, వీపున ఐదారు కిలోల బ్యాగుతో. నెల రోజులు, వారానికి మూడుసార్లు.

ఎవరూ పట్టించుకోనిది బూట్లు. ఎప్పుడో కొని బీరువాలో దాచిన ట్రెకింగ్ షూ మన ఊరి తేమకు లోపల్లోపలే కుళ్లిపోతుంది. చాలా బూట్ల అడుగున పాలీయురేథేన్ నురగ ఉంటుంది, అది గాలిలోని తేమ పీల్చి, వాడకపోయినా పిండిలా రాలిపోతుంది. పైకి కొత్తవాటిలా మెరుస్తుంటాయి, కొండ మీద గంట నడిచేసరికి సోల్ ఊడి చేతికొస్తుంది. జిగురు నిలవదు, ఎందుకంటే అంటుకోవడానికి కింద గట్టి పదార్థమే మిగలదు. బయలుదేరే ముందు సోల్ పక్కభాగాన్ని గోటితో గట్టిగా నొక్కి, బూటును మడిచి చూడండి. పగుళ్లు కనిపించినా, పొడి రాలినా పారేయండి. కొత్తవి అర సైజు పెద్దవి కొనండి, దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగలకూడదు. ఆ మెట్ల సాధనంతా వాటితోనే చేయండి, ట్రెక్‌కి ముందు రోజు గోళ్లు కత్తిరించుకోండి. బ్యాగులో రెండు మీటర్ల నైలాన్ తాడు వేసుకోండి. సోల్ ఊడితే మడమ ముందు ఒక చుట్టు, వేళ్ల వెనక ఒక చుట్టు వేసి పైన ముడి వేస్తే సారి దాకా దిగొచ్చు.