రాళ్లు కోసిన నీళ్లు టమాటాకు పెట్టొచ్చా?

ప్రశ్న: మా పొలానికి ఎగువన రాళ్లు కోసి పాలిష్ చేసే యూనిట్ ఉంది. అక్కడి నుంచి పాలలాంటి తెల్లటి నీళ్లు కాలువలోకి వస్తాయి. బోరులో నీళ్లు తగ్గడంతో టమాటా మడి ఒకదానికి వాటినే పారించాను. ఇప్పుడు నేల పైన పెచ్చు కట్టింది, లేత ఆకులు పాలిపోతున్నాయి. ఈ నీళ్లను తేర్చి డ్రిప్‌లో వాడొచ్చా? పశువులు తాగితే ప్రమాదమా?

జవాబు: ముందు ఆ మడికి ఈ నీళ్లు పెట్టడం ఆపండి. పెచ్చు బాగా ఆరాక పొరలుగా లేస్తుంది. గోకి బయటికి తీసేయండి. ఆ తర్వాతే అంతరకృషి చేయండి. చాలామంది తొందరపడి ముందే దున్నేస్తారు, దాంతో పైన ఉన్న రాతిపొడి మొత్తం వేర్ల దాకా దిగుతుంది. ఒకసారి మట్టిలో కలిసిందంటే ఏరి తీయలేం. బాగా చివికిన పశువుల ఎరువు, పచ్చిరొట్ట వేస్తూ నేలను మెల్లగా గుల్లబరచుకోవాల్సిందే.

పెచ్చు ఎందుకు కట్టిందంటే, ఆ తెల్లదనమంతా మెత్తటి రాతిపొడి. అది మట్టి రంధ్రాల్లో కూరుకుపోతే నీళ్లు ఇంకవు, వేరుకు గాలి అందదు. గ్రానైట్ పొడిలో ఎక్కువగా క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి. మార్బుల్, సున్నపురాయి పొడి అయితే కాల్షియం కార్బొనేట్. గ్యాంగ్‌సా (వరుసగా బిగించిన బ్లేడ్లతో ముందుకీ వెనక్కీ ఊగే పెద్ద రంపం) మీద గ్రానైట్ కోసేచోట ఉక్కు రవ్వతో పాటు సున్నం కూడా కలుపుతారు కాబట్టి ఆ నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) బాగా పెరుగుతుంది. డైమండ్ బ్లేడుతో కోసేచోట సున్నం అవసరం ఉండదు. అందుకే మీ యూనిట్‌లో ఏ రాయి, ఏ మిషన్ అన్నది ముందు కనుక్కోండి.

మీ టమాటా లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు రంగుకు తిరిగితే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వారం వ్యవధితో రెండు మూడు సార్లు సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఈనెలతో సహా ఆకంతా పాలిపోతే వేర్లకు గాలి ఆడటం లేదేమో చూడాలి. అప్పుడు మందు కంటే పెచ్చు తీయడమే ముఖ్యం.

ఇక తేర్చే సంగతి. నీటిలో 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు గంటకు సుమారు 30 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 1 మైక్రాన్ రేణువు రోజంతా కలిపి 8 సెంటీమీటర్లు కూడా దిగదు. కాబట్టి గుంట తవ్వి రాత్రంతా నిలబెడితే సరిపోదు. యూనిట్లలో దీనికి పటిక లాంటివి గానీ, పాలిమర్ మందు గానీ కలుపుతారు. రేణువులు ముద్దలు కట్టి తొందరగా అడుగుకు చేరతాయి. పైన తేరిన నీరు మళ్లీ మిషన్‌కే వెళ్తుంది. అడుగు బురదను ఫిల్టర్ ప్రెస్‌లో పిండితే గట్టి బిళ్లలు మిగులుతాయి. ఆ బిళ్లల తడిలోనూ ఆవిరిగానూ పోయింది తప్ప దాదాపు నీళ్లన్నీ తిరిగి వాడుకోవచ్చు.

నా అభిప్రాయంలో ఈ నీళ్లకు సరైన చోటు మీ పొలం కాదు, వాళ్ల రంపమే. యూనిట్ యజమానితో ఇదే మాట్లాడండి. బురద నీళ్లు పంపును అరగదీస్తాయి, పాలిష్ మీద గీతలు పెడతాయి. తేర్చుకుంటే ఆయన బోరు మీద కూడా భారం తగ్గుతుంది. ఫిల్టర్ ప్రెస్ కొనే స్థోమత లేకపోతే అడుగు ఇంకని తొట్లు రెండు వరుసలు కట్టుకుని, ఒకటి నిండి ఆరేలోపు రెండోది వాడుకోవచ్చు. మాట్లాడినా వినకుండా కాలువలోకే వదులుతుంటే కాలుష్య నియంత్రణ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పొలం పాడయ్యేదాకా మొహమాటపడొద్దు.

తేరి తెల్లదనం పోయినా డ్రిప్‌కు వెంటనే ఎక్కించకండి. తిప్పి తిప్పి వాడిన నీటిలో ఆవిరి పోయేకొద్దీ ఉప్పు చేరుతుంది, అది కంటికి కనపడదు. ల్యాబ్‌లో చూపిస్తే పీహెచ్ 6.5 నుంచి 8.4 మధ్య, ఈసీ (నీటిలో కరిగిన ఉప్పును చూపే కొలత) మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపు ఉంటే ఇబ్బంది లేదు, అంతకు మించితే జాగ్రత్తగా వాడాలి. ఈసీ 3 దాటితే టమాటాకు వద్దు. తేలియాడే పొడి లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే డ్రిప్‌కు పెద్ద ఇబ్బంది లేదు, 100 దాటితే డ్రిప్పర్లు పూడుకుపోతాయి. కార్బొనేట్లు, బైకార్బొనేట్లు, సోడియం కూడా చూడమనండి. పాలిష్ విభాగం నుంచి వచ్చే నీళ్లలో రెజిన్లు, ఆక్సాలిక్ యాసిడ్ లాంటివి ఉండొచ్చు. వాటిని తేర్చినా పంటకు వాడొద్దు.

మార్బుల్ బురద సున్నం కదా, పొలానికి మంచిదేగా అని కొందరు అడుగుతారు. నేల ఆమ్ల గుణంతో ఉందని సాయిల్ టెస్ట్‌లో తేలితే, పాలిష్ బురద కలవని పొడిని చెప్పిన మోతాదులో వాడొచ్చు. మీ నేలలో ఇప్పటికే ఇనుము లోపం కనపడుతుంటే మాత్రం ఆ ఊసే వద్దు. గ్రానైట్ పొడికి ఆ గుణం లేదు.

పశువులను ఆ కాలువ దగ్గరికి పోనివ్వకండి. ల్యాబ్ రిపోర్టు వచ్చి, పశువైద్యుడు చూసి సరే అనేదాకా బోరు నీళ్లే తాపండి. పెచ్చు గోకేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని, గాలి లేని పూట చేయండి. గ్రానైట్ పొడిలోని సిలికా ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కూలీలకు కూడా మాస్కులు మీరే ఇవ్వండి.