ఎండీఎక్స్ ఎలుకల్లో డీఎండీ మందు పరీక్ష: సీకే తగ్గితే సరిపోతుందా?

ప్రశ్న: హన్మకొండలో ఎం.ఫార్మసీ చేస్తున్నా. డుషెన్ కండర క్షీణత (డీఎండీ) కోసం ఒక కాంపౌండ్‌ను 4 వారాల వయసు ఎండీఎక్స్ ఎలుకలకు (డీఎండీకి నమూనాగా వాడేవి) నెల రోజులు ఇచ్చి, సీకే (క్రియేటిన్ కైనేజ్, కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) చూస్తే ప్రాజెక్టుకు సరిపోతదా?

జవాబు: సరిపోదు. సీకే సంగతి తర్వాత, ముందు వయసు దగ్గరే చిక్కుంది. ఎండీఎక్స్ ఎలుకకు డిస్ట్రోఫిన్ (కండర కణాలను కాపాడే ప్రొటీన్) జీన్ 23వ ఎక్సాన్‌లో మ్యుటేషన్ ఉన్నా, డీఎండీ ఉన్న పిల్లల్లోలాగా కండరం అదే పనిగా కరిగిపోదు. 3 వారాలకు కణాలు చావడం మొదలై, 5 వారాల దాకా ఉధృతంగా సాగి, ఆ తర్వాత కాళ్ల కండరాలు మళ్లీ పుంజుకుంటాయి. మీరు 4వ వారంలో మొదలుపెట్టి 8వ వారంలో ఆపితే, ఉత్త నీళ్లు పోసినా మెరుగు కనబడుతుంది. అదే వయసు ఎండీఎక్స్‌లకు వెహికిల్ (మందు లేని ఉత్త ద్రావణం) మాత్రమే ఇచ్చే గ్రూపు లేకుండా మొదలుపెట్టొద్దు. ఫైబ్రోసిస్ (కండరం మచ్చకట్టి గట్టిపడటం) చూడాలంటే డయాఫ్రం (ఊపిరి కండరం) తీయండి. అదొక్కటి వయసుతోపాటు పాడవుతూనే పోతుంది.

సీకే ఎలుక ఎలుకకూ విపరీతంగా మారుతుంది. పట్టు బలం పరీక్ష (ఎలుక కాళ్లతో ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలవడం) చేశాక రక్తం తీస్తే పెరుగుతుంది, శాంపిల్ హీమోలైజ్ అయితే (ఎర్రకణాలు పగిలితే) లెక్కే తప్పుతుంది. కాబట్టి రక్తం ముందు, పట్టు తర్వాత. పట్టు పరీక్షలో వరుసగా 3 లాగుళ్లు, కనీసం 1 నిమిషం విరామం, ఇట్ల 5 విడతలు. మొదటి రోజు నుంచి చివరి దాకా ఒకే మనిషి చేయాలి. ఇంకోటి, ఎండీఎక్స్‌ను కాసేపు మెడ పట్టుకుని బిగించినా చాలాసేపు కదలకుండా పడి ఉంటుంది. గొంతులో మందు పోసిన వెంటనే ఓపెన్ ఫీల్డ్ (పెట్టెలో వదిలి కదలికలు కొలిచే పరీక్ష) పెడితే మీరు కొలిచేది భయాన్నే.

నమ్మదగ్గ కొలత ఈడీఎల్ (కాలి ముందువైపు సన్న కండరం) బలం. ఆక్సిజన్ 95, కార్బన్ డయాక్సైడ్ 5 శాతం బుడగలు పోయే రింగర్ ద్రావణంలో కండరాన్ని కట్టి, ముందు అనువైన పొడవు పట్టుకోవాలి. బలాన్ని అడ్డుకోత వైశాల్యంతో భాగించాలి: కండరం బరువు ÷ (ఫైబర్ పొడవు × 1.06). ఈ 1.06 కండరం సాంద్రత, మి.గ్రా./ఘ.మి.మీ.లో. ఈడీఎల్‌లో ఫైబర్ పొడవు మొత్తం పొడవులో 0.44 వంతు. బరువు 13 మి.గ్రా., పొడవు 13 మి.మీ. అయితే సుమారు 2.1 చ.మి.మీ. వస్తుంది. తర్వాత సంకోచంలో ఉండగానే 10 శాతం సాగదీస్తూ 5 సార్లు చేసి, బలం ఎంత పడిపోయిందో చూడండి. ఎండీఎక్స్ అసలు లోపం బయటపడేది ఇక్కడే. సిల్కు దారం ముడి జారినా గ్రాఫ్ అచ్చం అట్లనే పడుతుంది, అందుకే చివర్లో పొడవు మళ్లీ కొలవండి.

పాజిటివ్ కంట్రోల్‌గా ప్రెడ్నిసోన్ పెడితే, పిల్లల మోతాదు కిలోకు 0.75 మి.గ్రా.ను 12.3తో గుణించకండి. అది పెద్దవాళ్ల గుణకం. 20 కిలోల పిల్లవాడి కేఎం (శరీర ఉపరితలాన్ని బట్టి మోతాదు మార్చే అంకె) 25, ఎలుకది 3. కాబట్టి 25/3, అంటే 8.3 తీసుకుంటే ఎలుకకు సుమారు 6.2 మి.గ్రా./కిలో. కిలోకు 10 మి.లీ. చొప్పున పోస్తే ద్రావణం 0.62 మి.గ్రా./మి.లీ. ఉండాలి.

బ్రీడింగ్‌లో ఆడ, మగ రెండూ ఎండీఎక్స్‌లే అయితే ఆ ఈతలో మామూలు పిల్ల ఒక్కటీ పుట్టదు. పోలికకు మామూలు ఎలుకలుగా సీ57బీఎల్/10 మగవాటిని వేరుగా తెప్పించుకోవాలి, ఆ సంఖ్య కూడా ఐఏఈసీకి (సంస్థలోని జంతు ప్రయోగాల నైతిక కమిటీకి) ఇచ్చే ఫారం బీలో ముందే రాయండి. వరంగల్ ఎండల్లో కరెంటు పోయి యానిమల్ హౌస్ 30 డిగ్రీలు దాటితే మేత, కదలిక రెండూ తగ్గుతాయి. చేతనైతే మే నెల తప్పించి పెట్టుకోండి.