డిగ్రీ ఆపేసి సర్వైవల్ ఇన్‌స్ట్రక్టర్ అవుతానంటోంది, ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది, జియాలజీ. ఏడాదిగా అడవుల్లో, మంచులో, ఎడారుల్లో చిక్కుకుని బయటపడే వీడియోలు తప్ప ఇంకేమీ చూడటం లేదు. ఒక పెద్ద కత్తి, నిప్పు రాజేసే కడ్డీ కూడా కొనుక్కుంది. ఇప్పుడు చదువు ఆపేసి సర్వైవల్ ఇన్‌స్ట్రక్టర్ అవుతానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఉంటే దానికోసం చదువు మానేయాలా? ప్రాణం మీదికి తెచ్చుకుంటుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు టెన్షన్ కాస్త తగ్గించుకోండమ్మా. ఉద్యోగం ఉంది, దానికోసం చదువు మానేయక్కర్లేదు. మానేయకూడదు కూడా. మీకు నచ్చుతుందని ఈ మాట అనడం లేదు, మీ అమ్మాయి వెళ్లాలనుకుంటున్న చోటికి ఆమెను తీసుకెళ్లేది ఆ జియాలజీయే కాబట్టి అంటున్నాను. ఆడపిల్ల కదా, ఇవన్నీ ఎందుకు అని మీరు రాయలేదు, చాలా సంతోషం, నేనూ ఆ ఊసు ఎత్తను.

వీడియోల్లో మనిషి ఒంటరిగా ఉంటాడు, చేతిలో కత్తి, చుట్టూ అడవి. కెమెరా పట్టుకున్నది ఎవరు, వాళ్లు రాత్రి ఎక్కడ పడుకున్నారు అని మాత్రం మనం అడక్కూడదు. అలా ఒంటరిగా బతికి చూపించినందుకు జీతం ఇచ్చేవాళ్లు దాదాపు లేరు. వీడియోకి డబ్బులు వస్తాయేమో, అది వేరే వృత్తి. జీతం వచ్చేది ఆ చలిలోనో ఆ ఎండలోనో జరగాల్సిన ఇంకేదో పనికి.

అంటార్కిటికానే చూడండి. భూమ్మీద నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత అక్కడిదే, 1983 జులై 21న వోస్తోక్ స్టేషన్‌లో మైనస్ 89.2 డిగ్రీల సెల్సియస్. ఆ ఖండంలోని పరిశోధన కేంద్రాల్లో ఎవరుంటారు? శాస్త్రవేత్తలు సరే, వాళ్లతోపాటు ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, వంటవాళ్లు, మెకానిక్కులు, ఒక డాక్టరు. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే లాంటి సంస్థలు ఫీల్డ్ గైడ్లను, అంటే శాస్త్రవేత్తలను మంచు మీద క్షేమంగా తిప్పి తెచ్చేవాళ్లను కూడా తీసుకుంటాయి, కానీ ఆ పోస్టులు చాలా తక్కువ, వాటికి వచ్చేవాళ్లు అప్పటికే ఏళ్ల తరబడి కొండలెక్కి చెయ్యి తిరిగినవాళ్లు. మిగతా అందరికీ టెంటు వేయడం, స్టవ్ వెలిగించడం, మంచు పగుళ్లలో పడ్డవాళ్లను తాడుతో పైకి లాగడం ఉద్యోగంలో చేరాకే నేర్పుతారు. చలిలో బతకడం వచ్చిన మనిషిని పట్టుకొచ్చి ప్లంబింగ్ నేర్పరమ్మా, ప్లంబింగ్ వచ్చిన మనిషికి చలిలో బతకడం నేర్పుతారు. మీ అమ్మాయికి ముందు అర్థం కావాల్సింది ఇదే.

జియాలజీ చదివేవాళ్లకు ఇందులో ఉన్న అదృష్టం ఇంకెవరికీ లేదు. ఆన్‌స్మెట్ అని అమెరికా వాళ్ల కార్యక్రమం ఒకటి 1976 నుంచి నడుస్తోంది. చిన్న బృందాలు అంటార్కిటికా మంచు మీద వారాల తరబడి టెంట్లలో ఉండి ఉల్కలు ఏరుకొస్తాయి, ఇప్పటికి 20,000కు పైగా దొరికాయి. నీలిమంచు మీద ఒక నల్లరాయి కనిపిస్తే అది ఆకాశం నుంచి పడ్డదా కాదా అని చూసి చెప్పగలిగే కన్ను కావాలి, ఆ కన్ను జియాలజీ ఇస్తుంది. హిమానీనదాల అధ్యయనం, మంచు పొరలను నిలువుగా తవ్వి పాతకాలపు వాతావరణాన్ని చదవడం, అగ్నిపర్వతాల పరిశీలన, ఎడారుల్లో ఖనిజాల అన్వేషణ, ఇవన్నీ కూడా మీ అమ్మాయికి కావలసిన కఠినమైన చోట్లలోనే జరుగుతాయి. రెండో ఏడాదిలో ఈ చదువు ఆపేయడమంటే రైలెక్కి సగం దూరం వచ్చాక చైను లాగి దిగిపోవడమే.

వ్యోమగాములకు కూడా ఈ శిక్షణ ఉంటుందని చెప్పండి, ఆసక్తిగా వింటుంది. 1965 మార్చిలో సోవియట్ యూనియన్ వాళ్ల వోస్ఖోద్ 2 అంతరిక్ష నౌక అనుకున్న చోటికి చాలా దూరంగా, మంచుతో నిండిన అడవిలో దిగింది. అంతకు ముందు రోజే మానవ చరిత్రలో మొదటిసారి అంతరిక్షంలో నడిచిన లియోనోవ్, తోటి వ్యోమగామి బెల్యాయెవ్ రెండు రాత్రులు ఆ చలిలో గడిపి, స్కీల మీద బయటికొచ్చారు. ఇవాళ్టికీ రష్యా వాళ్ల సోయుజ్ నౌకలో వెళ్లేవాళ్లు శీతాకాలపు అడవిలో బతికే శిక్షణ తీసుకుంటారు. వాళ్లను అంతరిక్షానికి పంపేది మాత్రం వాళ్ల పైలట్ విద్యనో ఇంజినీరింగునో సైన్సునో చూసి.

ఇక యూలియానే కోప్కె సంగతి. 1971 డిసెంబర్ 24న పెరూ అడవి మీద విమానం గాల్లోనే ముక్కలైంది, 17 ఏళ్ల ఈ అమ్మాయి ఒక్కతే బతికి, 11 రోజులకు మనుషుల్ని చేరింది. ఎలా? తల్లిదండ్రులు జీవశాస్త్రవేత్తలు, అడవిలో వాళ్లు పెట్టిన పరిశోధన కేంద్రంలో కొంతకాలం ఉంది కాబట్టి, చిన్న నీటి పాయ వెంట దిగుతూ పోతే పెద్ద ఏరు, ఏటి పక్కన మనుషులు ఉంటారని ఆమెకు తెలుసు. చేతిమీది గాయంలో పురుగులు పడితే, పడవ దగ్గర దొరికిన ఇంధనం పోసి బయటికి రప్పించింది, ఇంట్లో పెంపుడు కుక్కకు తండ్రి అలా చేయడం చూసింది మరి. కత్తి లేదు, కడ్డీ లేదు, అడవి గురించిన పరిజ్ఞానం ఉంది. పెద్దయ్యాక తానూ జీవశాస్త్రవేత్తే అయింది.

సరే, అయినా ఇన్‌స్ట్రక్టరే కావాలంటే? ఆ దారీ ఉంది. అవుట్‌వర్డ్ బౌండ్ 1941లో వేల్స్‌లో మొదలైంది, యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు కుర్ర నావికులు పెద్దవాళ్లకంటే త్వరగా ఆశ వదిలేస్తున్నారన్న ఆందోళనతో పెట్టిన శిక్షణ అది. 1965లో అమెరికాలో నోల్స్ అని, కొండల్లో అడవుల్లో ఉంటూ బృందాన్ని నడపడం నేర్పే స్కూలు వచ్చింది. పర్వత గైడ్లకు అదే ఏడాది ఏర్పడిన ఐఎఫ్‌ఎంజీఏ అనే అంతర్జాతీయ సమాఖ్య ఉంది, దాని బ్యాడ్జి రావాలంటే రాతి మీద, మంచు మీద, స్కీల మీద ఏళ్ల అనుభవం చూపించి పరీక్షలు నెగ్గాలి. గౌరవమైన వృత్తే, కాదనను. కానీ పని సీజన్‌లోనే ఉంటుంది, మొదటి ఏళ్లలో సంపాదన పలచగా ఉంటుంది, మిగతా నెలలకు ఇంకో పని చూసుకోవాలి, నలభై దాటేసరికి మోకాళ్లు మొరాయిస్తాయి. మోకాలు మొరాయించిన రోజున చేతిలో డిగ్రీ ఉన్నవాళ్ల పరిస్థితి వేరు, లేనివాళ్ల పరిస్థితి వేరు.

మీరు భయపడుతున్న ప్రాణాపాయం గురించి ఇప్పుడు చెబుతాను. ఇది లేనిది కాదు, అయితే మీరు ఊహిస్తున్న వైపు నుంచి రాదు. క్రూరమృగాలూ ఆకలీ కాదు, మనుషుల్ని ఎక్కువగా పడగొట్టేది తడి, చెమట, అలసట, మొండితనం. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది, అందుకే గడ్డకట్టే చలిలో కూడా మొదటి జాగ్రత్త చెమట పట్టకుండా చూసుకోవడం. నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించేలా పై కోటు తీసేయాలి, ఆగగానే వణుకు రాకముందే వేసుకోవాలి. నూలు బట్ట తడిస్తే ఒంటికి అతుక్కుని చల్లబరుస్తుంది, ఉన్ని తడిసినా కొంత వేడిని నిలుపుతుంది. 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువాన్ని మొదట చేరిన ఆముండ్‌సెన్ అంతకు కొన్నేళ్ల ముందు కెనడా ఆర్కిటిక్‌లో రెండు చలికాలాలు ఉండి, నెట్సిలిక్ ఇన్యూట్ ప్రజల దగ్గర వదులుగా వేసుకునే తోలు దుస్తులు, కుక్కల బండి నడపడం నేర్చుకున్నాడు. వాళ్లు అక్కడ సర్వైవల్ చేయడం లేదు కదా, రోజూ కాపురం చేస్తున్నారు.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. మొదటి గుర్తులు ఎంత చిన్నవో చూడండి: జిప్పు పట్టుకోవడం చేతకాదు, మాట ముద్దగా వస్తుంది, చదునైన చోట కాలు తడబడుతుంది, ఊరికే విసుక్కుంటారు. ఇంకా చల్లబడితే వణుకు ఆగిపోతుంది. పక్కనున్నవాళ్లు అమ్మయ్య, వేడెక్కాడు అనుకుంటారు, నిజానికి అసలు ప్రమాదం అప్పుడే. కొందరు ఆ దశలో ఒళ్లు కాలిపోతున్నట్టనిపించి బట్టలు విప్పేస్తారు కూడా. తనకు ఏమవుతోందో ఆ మనిషికి తెలియదు, పక్కవాడు చూసి చెప్పాలి. ఒంటరి వీరుడి వీడియోల్లో కనిపించనిది ఈ పక్కవాడే.

ఎండలో లెక్క వేరు. వడదెబ్బ తగిలి మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఆస్పత్రి దాకా ఆగకూడదు, ఉన్నచోటే చల్లటి నీళ్లలో ఉంచో, ఒళ్లంతా తడిపి గాలి విసిరో చల్లబరిచి, ఆ తర్వాత తరలించాలి. చాలామంది బాటిల్‌లో నీళ్లు దాచుకుని దాహంతో పడిపోతారు, పొదుపు చేయాల్సింది చెమటని, అంటే మధ్యాహ్నం నీడలో కూర్చుని చల్లబడ్డాక నడవాలి. అలాగని ఉప్పు లేకుండా వట్టి నీళ్లే అదేపనిగా తాగినా రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదమే. ఎత్తైన కొండల్లో 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దంటారు. తలనొప్పి ముదిరి తూలుతూ నడుస్తుంటే మందు కోసం చూడకుండా కిందికి దిగాలి.

ఇదంతా మీ అమ్మాయికి చదివి వినిపించండి. ముఖం వెలిగితే మంచిదే, బోర్ కొట్టిందంటే అది కూడా మీకు సమాధానమే. ఎందుకంటే ఈ పనిలో రోజులో ఎక్కువ భాగం తడిసిన సాక్సులు మార్చడం, మ్యాపు మీద చుక్కలు పెట్టడం, గిన్నెలో అడుగున కాసిన్ని నీళ్లు పోసి అందులో మంచు కొంచెం కొంచెంగా వేసి కరిగించడం (వట్టి మంచు వేస్తే గిన్నె మాడి నీళ్లకు మాడు వాసన వస్తుంది), ఇలాంటివే. నిప్పు రాజేయడం ఒక్క నిమిషం పని, అది కూడా లైటర్‌తో.

నా సలహా ఇది. కత్తి లాక్కోకండి, గొడవ అవుతుంది. చదువు, ఈ పిచ్చి రెండూ పక్కపక్కనే నడవనివ్వండి. కాలేజీ వాళ్ల ఫీల్డ్ ట్రిప్పులు ఒక్కటీ వదలొద్దు, అక్కడ మ్యాపు, దిక్సూచి బాగా చేతికి రావాలి, ఫోన్ బ్యాటరీ చలికి చచ్చిపోయినప్పుడు దారి చూపేవి అవే. సెలవుల్లో గుర్తింపు ఉన్న పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేయించండి. ఆఖరి ఏడాదిలో వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ కోర్సు, సుమారు 70 నుంచి 80 గంటలు ఉంటుంది, ఆస్పత్రి దూరంగా ఉన్నచోట గాయపడ్డవాళ్లను గంటల తరబడి ఎలా కాపాడుకోవాలో నేర్పుతారు. కొన్నేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి, కానీ ఫీల్డ్ ఉద్యోగాలకు ఇది నిజంగా పనికొచ్చే సర్టిఫికెట్. సర్వైవల్ ఎక్స్‌పర్ట్ అని రెండు రోజుల్లో చేతిలో పెట్టే కాగితాలకు విలువ లేదు. ఇవయ్యాక పీజీకి హిమానీనదాలో, జియోఫిజిక్సో, ఆమె ఇష్టం, ఆపాటికి తనకే తెలుస్తుంది.

ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టండి: శిక్షణ పూర్తయ్యేదాకా ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకూడదు, బృందంతో వెళ్లినా ఏ దారి, ఎప్పుడు తిరిగొస్తుంది అన్నది ఇంట్లో రాసి పెట్టి వెళ్లాలి, అనుకున్న వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. ఏ కోర్సుకైనా ఫీజు కట్టే ముందు మీరే ఫోన్ చేసి అడగండి, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది విద్యార్థులు, వాళ్ల ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఇంకా చెల్లుతోందా, ఫోన్ సిగ్నల్ లేనిచోట కాలు విరిగితే ఎలా కబురు పంపుతారు, ఎవరు మోసుకొస్తారు, ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉంది. వీటికి నీళ్లు నమిలితే ఆ సంస్థకు డబ్బు కట్టకండి, ఇంకోటి చూసుకోండి.