లేజర్ కిరణం ఎదురింటి బాబు కంటికి తగిలింది... బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. అద్దె ఇంట్లో రెండో అంతస్తులో ఉంటున్నాం. ఉద్యోగం పోయాక చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే యంత్రం) కొనుక్కుని చెక్క మీద నేమ్‌బోర్డులు, షీల్డులు చెక్కి అమ్ముకుంటున్నాను. పని చేసేది నేనొక్కడినే. మూడు నెలల కిందట ఆన్‌లైన్‌లో 14,500 రూపాయలకు '40 వాట్ల' లేజర్ మాడ్యూల్ తెప్పించి, రౌటర్‌లో చెక్కే మొనను తిప్పే స్పిండిల్ ఉండే చోట బిగించాను. దానితో పాటు ఒకే ఒక జత ఆకుపచ్చ కళ్లద్దాలు ఇచ్చారు. గత నెల ఎదురింటి పద్నాలుగేళ్ల బాబు చూస్తానని వచ్చాడు. చెక్కను పట్టి ఉంచే స్టీలు క్లాంపు మీద కిరణం పడి పక్కకు చిమ్మింది. చూపు మధ్యలో మచ్చ కనిపిస్తోందని బాబు అంటున్నాడు. కుడి కంటి రెటీనా మీద కాలిన గుర్తు ఉందని డాక్టర్ చెప్పారు. పోలీసు కేసు పెడతానని వాళ్ల నాన్నగారు అంటున్నారు. మాడ్యూల్ అమ్మినవాళ్లేమో 'వేరే కంపెనీ యంత్రానికి మీరే తగిలించుకున్నారు, మాకు సంబంధం లేదు' అని మెయిల్ పంపారు. ఇంటి యజమాని ఖాళీ చేయమంటున్నారు. ఇంట్లో ఇలాంటి యంత్రం పెట్టుకోవడమే నేరమా? నేనేం చేయాలి?
- పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ముందుగా బాబు కంటి సంగతి. రెటీనా నిపుణుడి దగ్గర ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను చూపించే పరీక్ష) చేయించకపోయి ఉంటే ఈ వారమే చేయించండి, ఖర్చు మీరే పెట్టుకోండి. డబ్బు కట్టినంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు కాదు. 'హక్కులు, వాదనలకు భంగం లేకుండా చికిత్స కోసం చెల్లిస్తున్నాను' అని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేసుకుంటే చాలు. కేసు భయంతో ఆ ఇంటి గడప తొక్కడం మానేసిన వాళ్లను నా వృత్తిలో చాలామందిని చూశాను. మాట్లాడుకుంటే తీరిపోయే వ్యవహారాలు అలాగే కోర్టుకెక్కుతాయి.

ఇంట్లో రౌటర్ ఉంచుకోవడం నేరం కాదు. దానికి లేజర్ తగిలించడాన్ని నిషేధించే చట్టమూ లేదు. అయితే యంత్రాన్ని వాడిన తీరు నేరం కావచ్చు. భారతీయ న్యాయ సంహితలోని 289వ సెక్షన్ యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి వర్తిస్తుంది. దానికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 125వ సెక్షన్ ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి వర్తిస్తుంది. దాని కింద మామూలు గాయమైతే ఆరు నెలల వరకు, తీవ్ర గాయమైతే మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడాన్ని 116వ సెక్షన్ తీవ్ర గాయాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఆ మచ్చ తగ్గుతుందా, నిలిచిపోతుందా అన్నదాన్ని బట్టే కేసు బరువు తేలుతుంది. 289, 125 సెక్షన్లు రెండూ బెయిలబుల్ నేరాలే, అంటే బెయిలు హక్కుగా దొరికేవే. పోలీసులు పిలిస్తే వెళ్లండి, జరిగింది జరిగినట్టు చెప్పండి. బాబు తనంతట తానే వచ్చాడని తప్పు వాడి మీదికి నెట్టకండి. కళ్లద్దాలు ఒక్క జతే ఉన్నప్పుడు రెండో మనిషిని, అందులోనూ పిల్లవాణ్ణి గదిలోకి రానివ్వడం మీ తప్పే. నొప్పిగా ఉన్నా ఈ మాట మీరు నా నోటి నుంచే వినడం మేలు.

ఇక అమ్మినవాళ్ల మెయిల్. ఈ వ్యవహారంలో అసలు పోరాడవలసిన చోటు ఇది. వాళ్లు ఆసరా చేసుకుంటున్నది వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్‌ను. హాని జరిగే సమయానికి వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా అమ్మకందారు మీద ఉత్పత్తి బాధ్యత దావా (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం కోరేది) చెల్లదని అది చెబుతుంది. కానీ ఇక్కడ మార్పు జరిగింది ఏ వస్తువులో? రౌటర్‌లో. రౌటర్ అమ్మిన వ్యక్తి ఈ వాదన చేస్తే నేను ఒప్పుకుంటాను. లేజర్ మాడ్యూల్ సంగతి వేరు. అది ఒంటరిగా పనిచేసే వస్తువే కాదు, ఏదో ఒక యంత్రానికి బిగించుకోవడానికే దాన్ని అమ్మారు. మీరు లోపలి లెన్సు విప్పలేదు, లేజర్‌కు కరెంటు అందించే డ్రైవర్ బోర్డు తాకలేదు. అమ్మిన ఉద్దేశానికి వాడితే అది మార్చడం ఎలా అవుతుంది? అమ్మకపు పేజీలో 'సీఎన్‌సీ రౌటర్లకు సరిపోతుంది' అని ఉంటే ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీయండి. రేపటికి ఆ పేజీ ఉంటుందన్న నమ్మకం లేదు. ఆ స్క్రీన్‌షాట్లు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, దాన్ని మీ న్యాయవాది తయారు చేయిస్తారు.

తయారీదారు విదేశంలో ఉన్నాడని వాళ్లు తప్పించుకోలేరు. తయారీదారు ఎవరో తెలియకపోయినా, అతనికి నోటీసు అందించలేకపోయినా, అతను మన చట్టాల పరిధిలో లేకపోయినా అమ్మకందారే బాధ్యుడని వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ చెబుతుంది. తయారీదారు ఇచ్చిన హెచ్చరికలను కొనుగోలుదారుకు అందించకపోయినా అంతే. దిగుమతి చేసిన సరుకైతే ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉండి తీరాలి. అట్టపెట్టె పారేయకుండా ఉంచారా?

ఇప్పుడు ఆ కళ్లద్దాలను చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. అద్దం అంచున గానీ, కాడ మీద గానీ ఎన్ని నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణానికి పనికొస్తాయో, ఆప్టికల్ డెన్సిటీ (కిరణాన్ని ఆపే శక్తి) ఎంతో అంకెల్లో ముద్రించి ఉండాలి. ఈ మాడ్యూళ్లలో ఎక్కువ భాగం 450 నానోమీటర్ల దగ్గరి నీలి కిరణాన్ని ఇస్తాయి. ఆ అంకె లేని అద్దాలు రంగు ప్లాస్టిక్ ముక్కలు మాత్రమే. అంతర్జాతీయ ప్రమాణాల్లో అర వాటు దాటిన నిరంతర లేజర్ అత్యంత ప్రమాదకరమైన నాలుగో తరగతిలోకి వస్తుంది. ఆ తరగతిలో కిరణం నేరుగా కంట్లో పడనక్కరలేదు, మెరిసే లోహం మీద పడి తిరిగి వచ్చినా చాలు. రెప్ప మూసుకోవడానికి పట్టే పావు సెకను లోపలే రెటీనా కాలిపోతుంది. ఆ తరగతి గుర్తు మాడ్యూల్ మీద ఉందా? లోహపు క్లాంపులు వాడవద్దని, చుట్టూ మూత ఉండాలని పుస్తకంలో ఉందా? ఈ చిన్న రౌటర్లను నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌లో డాలర్ 32 అనే సెట్టింగును 1గా మార్చకపోతే అది లేజర్‌ను కూడా స్పిండిల్ లాగే నడుపుతుంది, కదలిక ఆగినా కిరణం వెలుగుతూ ఉండవచ్చు. ఆ సంగతి చెప్పారా? చెప్పకపోతే తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడమే చట్టం దృష్టిలో లోపం. '40 వాట్లు' అన్న మాటనూ వదలకండి. చాలా ప్రకటనల్లో అది మాడ్యూల్ లాగే కరెంటు లెక్క, బయటికొచ్చే కిరణం అందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. రెంటినీ కలిపి చెబితే అది తప్పుదారి పట్టించే ప్రకటనే.

వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని వాళ్లు వాదిస్తారు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొని తానే వాడుకునే వ్యక్తిని వినియోగదారుల రక్షణ చట్టంలోని 2(7) సెక్షన్ వినియోగదారుగానే చూస్తుంది. పనివాళ్లు లేరన్న మీ మాట ఇక్కడ అక్కరకు వస్తుంది. వాళ్ల ఊరికి వెళ్లనవసరం లేకుండా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల రూపాయల విలువ వరకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. మాడ్యూల్‌ను, కళ్లద్దాలను ప్రయోగశాల పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. అందుకే మాడ్యూల్ విప్పకండి, అమ్మకండి, 'మార్చి ఇస్తాం, తిప్పి పంపండి' అంటే పంపకండి. ముందు పదిహేను రోజుల గడువుతో లాయర్ నోటీసు ఇప్పించండి.

బాబు నష్టపరిహారాన్ని మాత్రం ఈ ఫిర్యాదులో కలపవద్దని నా సలహా. వాడు వస్తువు కొనలేదు, వాడలేదు. వాడి దావా సివిల్ కోర్టులో మీ మీద, అమ్మకందారు మీద కలిపి వేసేది. పెద్దమనుషుల మధ్య కొంత సొమ్ముకు ఒప్పుకుని తండ్రి చేత 'ఇక ఏమీ అడగను' అని రాయించుకుంటే అంతటితో తీరిపోతుందనుకోకండి. మైనర్ల విషయంలో గడువు పద్దెనిమిదేళ్లు నిండాక మొదలవుతుంది. ఆ తర్వాత మూడేళ్ల లోపు బాబు స్వయంగా దావా వేయవచ్చు. కాబట్టి ఒప్పందం చేసుకుంటే నిజంగా వాడికి న్యాయం జరిగేలా చేసుకోండి, సొమ్మును వాడి పేరున బ్యాంకులో వేయండి.

ఇంటి యజమాని మాటలో కొంత పస ఉంది. ఇచ్చిన పనికి కాక వేరే పనికి ఇంటిని వాడకూడదని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటుంది. అలాగని సామాను బయట పడేసే హక్కు ఆయనకు లేదు, చట్టప్రకారం నోటీసు ఇచ్చి కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. గృహ మీటరు మీద అమ్మకపు పని చేస్తున్నారు కదా, అదీ సరిచేసుకోండి. విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద ఇతర అవసరానికి వాడినట్టు తేలితే ఆ కేటగిరీ ధరకు రెట్టింపు వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే ఏడాది వెనక్కి లెక్క కడతారు. తనిఖీకి ముందే మీరు కేటగిరీ మార్పుకు దరఖాస్తు పెట్టుకోవడం నయం.

ఆ గదిలో కిరణాన్ని ఆపే మూత, తలుపు తెరవగానే లేజర్ ఆగిపోయే స్విచ్చు, పొగ బయటికి పోయే గొట్టం అమర్చేదాకా లేజర్ జోలికి పోకండి, స్పిండిల్‌తోనే పని నడుపుకోండి. మళ్లీ లేజర్ పెట్టే రోజున కొత్త మాడ్యూల్ కొనుక్కోండి. పాత మాడ్యూల్‌ను కళ్లద్దాలతో, అట్టపెట్టెతో, బిల్లుతో కలిపి ఒక సంచిలో సీలు చేసి మీ లాయర్ దగ్గర ఉంచండి.