లాక్టేట్‌లో పాలున్నాయా?

సందేహం: మా ల్యాబులో రోగులకు ఇచ్చే సూచనల కాగితం తెలుగులో రాస్తున్నాం. బ్లడ్ లాక్టేట్ టెస్టును 'రక్త దుగ్ధామ్ల పరీక్ష' అనాలని మా పెద్దసారు పట్టుబట్టారు. అది చదివి ఒకామె, 'నేను బాలింతను కాదు కదమ్మా, నాకెందుకిది?' అంది. ఏమని రాయాలి? 'లాక్టేట్ స్థాయిలు' అనడం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ సారు మాట తప్పేమీ కాదు, కానీ పని చెయ్యలేదు. దుగ్ధం అంటే పాలు. లాటిన్‌లో పాలను 'లాక్' అంటారు. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1780లో పులిసిన పాలలోంచి ఈ ఆమ్లాన్ని వేరుచేశాడు కాబట్టి ఆ పేరు పడింది. మన పెరుగు పులుపు కూడా దీనివల్లే. రక్తంలో ఉండే లాక్టేట్‌కు మాత్రం పాలతో చుట్టరికం లేదు. కండరాలు, ఎర్ర రక్తకణాలు గ్లూకోజును వాడుకునేటప్పుడు అది తయారవుతుంది. ఇంగ్లిషులో పాలు తెలియనివ్వకుండా దాగి ఉన్నాయి, దుగ్ధామ్లంలో ఎదురుగా కనిపిస్తున్నాయి. ఆమె అడగడంలో వింతేముంది?

ఇంకో చిక్కు 'ఆమ్లం'. సల్ఫ్యూరిక్ ఆమ్లం నుంచి సల్ఫేట్, నైట్రిక్ ఆమ్లం నుంచి నైట్రేట్ వచ్చినట్టే లాక్టిక్ ఆమ్లం నుంచి లాక్టేట్. రక్తంలో అది ఆమ్లంగా కాక, దాదాపు అంతా లాక్టేట్ రూపంలోనే ఉంటుంది. అందుకని 'లాక్టేట్ రక్తపరీక్ష' అని రాయండి, చాలు. పాఠ్యపుస్తకంలో ఆమ్లజని చదువుకున్నవాళ్లం కూడా ఆస్పత్రికెళ్తే 'ఆక్సిజన్ పెట్టారు' అనే అంటాం కదా.

'ల్యాక్టేట్' అనాలా అని కూడా కొందరు అడుగుతుంటారు. 'వచ్చాడు'లో మనం పలికేది అచ్చమైన 'ఆ' కాదు, అయినా రాసేది 'ఆ'నే. లాక్టేట్ అని రాసినా నోరు దానంతటదే సర్దుకుంటుంది. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకుని కాగితమంతా అదే రాయండి.

ఇక 'స్థాయిలు'. ఇది ఇంగ్లిషు బహువచనానికి నీడ. 'షుగర్ స్థాయిలు ఎంత?' అని ఇంట్లో ఎవరూ అడగరు, 'షుగర్ ఎంతుంది?' అంటారు. 'లాక్టేట్ ఎక్కువగా ఉంది' అనండి. ఎంతో చెప్పేటప్పుడు మాత్రం కొలమానం వదలొద్దు. లీటరుకు 2 మిల్లీమోల్స్ అన్నా, డెసిలీటరుకు 18 మిల్లీగ్రాములు అన్నా ఒకటే. పక్క ల్యాబులో 2 చూసినవాళ్లు మీ దగ్గర 18 చూస్తే టెన్షన్‌తో పరుగెత్తుకొస్తారు.

మీరు పంపిన కాగితంలో అసలు దిద్దాల్సిన వాక్యం వేరే ఉంది: 'రక్తము ఇచ్చు సమయమున ముష్టి బిగించరాదు.' ముష్టి అంటే పిడికిలే, కాదనను. కానీ జనానికి ముందు గుర్తొచ్చేది గుమ్మంలో అడుక్కునే ముష్టి! పైగా 'రక్తం ఇచ్చాను' అంటే దానం చేశావా అని అడుగుతారు. 'రక్తం తీసేటప్పుడు పిడికిలి బిగించకండి' అని రాయండి. మిగతా రక్తపరీక్షలకు పట్టీ కట్టి 'పిడికిలి బిగించండి' అనడం అందరికీ అలవాటు. ఇక్కడ పిడికిలి బిగిస్తే కండరం పనిచేసి లాక్టేట్ ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఈ వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలి.

బూడిదరంగు మూత ట్యూబు, అందులోని ఫ్లోరైడ్, వెంటనే ఐసులో పెట్టడం, ఇవన్నీ మీ సిబ్బంది చూసుకునేవి. తీసిన రక్తంలో కూడా కణాలు లాక్టేట్‌ను తయారుచేస్తూనే ఉంటాయి కాబట్టి ఆ హడావిడి. రోగి కాగితంలో వాటికి చోటక్కర్లేదు. 'మెట్లెక్కి వస్తే కాసేపు కూర్చోండి' అన్న వాక్యం చేర్చండి, మీ కాగితంలో అది లేదు.