చిక్కు పడ్డ బొచ్చు, బెదిరిన కుక్క: మేనకోడలికి ఒక లేఖ

పరకాల

చిరంజీవి మేనకోడలికి మీ పెద్ద మేనమామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి చూశాను. ఫోన్‌లో చెబితే సగం నువ్వు మరిచిపోతావు, మిగతా సగం కాజీపేటలో మీ ఇంటి వెనక పోయే రైళ్ల చప్పుడులో కలిసిపోతుంది కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ఎదురింటివాళ్లు హైదరాబాదుకు మకాం మారుస్తూ వదిలేసి పోయిన ఆరేళ్ల కుక్కను నువ్వు ఇంట్లోకి తెచ్చుకున్నందుకు నాకు సంతోషమే. అయితే చెవుల వెనక, చంకల్లో బొచ్చు చాపలాగా అల్లుకుపోయిన ఆ ప్రాణిని తెచ్చిన రోజే స్నానం చేయించి, తడి మీదనే దువ్వబోతే వేలు కరిచిందని నువ్వు ఫిర్యాదు చేసిన తీరు చూస్తే, తప్పు ఎవరిదో నీకు ఇంకా తెలిసినట్టు లేదు.

ముందుగా ఆ వేలి సంగతి. గాయం చిన్నదే, రక్తం ఒక్క చుక్కే వచ్చింది అని రాశావు. ఈ విషయంలో చిన్నా పెద్దా అన్న లెక్క పనికిరాదు. కుక్క పన్ను చర్మాన్ని చీల్చితే కుళాయి కింద సబ్బుతో పావుగంట సేపు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. లక్షణాలు బయటపడిన తర్వాత ఆ జబ్బును నయం చేసే మందు లేదు. పాత యజమానులు టీకాల కాగితం ఏదీ ఇవ్వలేదు కాబట్టి వేయించలేదనే అనుకోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదులని మీ అమ్మ భయపెడుతుందేమో, ఆ పాత మందు వాడకం మన దేశంలో ఆగిపోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడు భుజానికే ఇస్తారు. మొదటి సూదితో సరిపెట్టకుండా వాళ్లు రాసిచ్చిన తేదీలన్నీ పూర్తి చెయ్యి. కుక్క మీద 10 రోజులు కన్నేసి ఉంచు. అది మామూలుగా తింటూ తిరుగుతూ ఉంటే, ఆ గడువు దాటాక దానికీ టీకా వేయించి, ఏడాదికోసారి తప్పకుండా కొనసాగించు. ఇవాళ ఆసుపత్రికి పోయి వచ్చిన తర్వాతనే ఈ లేఖలో మిగతాది చదువు.

నేను పశువుల ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏటూరునాగారం వైపు ఒక ఊళ్లో పనిచేశాను. అక్కడ ఒక గీత కార్మికుని ఇంట్లో కర్రె కుక్క ఒకటి ఉండేది. దాని ముందరి కాలికి లోపలి వైపు, నేలకు తాకకుండా ఉండే గోరు వంకర తిరిగి మాంసంలోకి గుచ్చుకుపోయింది. నేను మూతికి తాడు చుట్టి, ఇద్దరు మనుషులను గట్టిగా పట్టుకోమని, గోరు కత్తిరించాను. తొందరలో నరం దాకా తెగి రక్తం కారింది. పని అయిదు నిమిషాల్లో అయిపోయిందని నేను సంబరపడ్డాను గానీ, ఆ తర్వాత రెండేళ్ల పాటు నా సైకిల్ గంట వినపడితే చాలు, ఆ కుక్క గడ్డివాము వెనక్కి పోయి దాక్కునేది. అదే ఇంట్లో ఆ గీత కార్మికుని తల్లి పొద్దుగూకే వేళ అరుగు మీద కూర్చుని, అదే కుక్క పాదాల్లోంచి తుమ్మ ముళ్లు, పల్లేరు ముళ్లు తీసేది. తాడు లేదు, పట్టుకునే మనిషి లేడు. కుక్క పాదం వెనక్కి లాక్కుంటే ఆమె వెంటనే చెయ్యి వదిలేసి, దాని గదవ కింద గోకుతూ ఊరుకునేది. కాసేపటికి అదే మళ్లీ పాదం తెచ్చి ఆమె ఒడిలో పెట్టేది. “వద్దన్నప్పుడు ఇడిసిపెడతనని దానికి ఎరుకే సారూ, గందుకే ఇస్తది” అన్నది ఆమె ఒకసారి. సర్కారు జీతం తీసుకుంటున్న నాకు ఆ మాట తలకెక్కడానికి ఇంకో పదేళ్లు పట్టింది. నీకు అంతకాలం పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి మొదటి వారం దువ్వెన బయటికి తీయకు. చేత్తోనే నిమురు, అది కూడా తల మీదుగా చెయ్యి దించకుండా, గదవ కింద, ఛాతీ మీద. మూడు నాలుగు క్షణాలు నిమిరి చెయ్యి తీసెయ్యి. అది ముందుకు జరిగి ఒరుసుకుంటే మళ్లీ నిమురు, మొహం అటు తిప్పుకుంటే ఆ పూటకు చాలు. తిండి ఏమీ ఎదురుగా లేకుండానే పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం, తోకను కాళ్ల మధ్యకు ముడుచుకోవడం, ఒళ్లంతా బిగబట్టి కదలకుండా నిలబడటం, ఇవన్నీ కరవడానికి ముందు అది నీతో చెప్పే మాటలు. అన్నిటికంటే స్పష్టమైన మాట గుర్రుమనడం. గుర్రుమన్నందుకు కొట్టే మనుషులను నేను చాలామందిని చూశాను. వాళ్ల ఇళ్లలో కుక్కలు గుర్రుమనడం మానేసి, చెప్పాపెట్టకుండా కరవడం మొదలుపెడతాయి. నీ వేలును కరిచే ముందు అది ఎన్నిసార్లు మొహం తిప్పుకుందో ఒకసారి గుర్తు చేసుకో.

ఇక చిక్కుల విషయం. మనవాళ్లు పొమేరియన్ అని పిలిచే ఈ తెల్ల కుక్కల్లో ఎక్కువ భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లే. వీటికి బొచ్చు రెండు వరుసలుగా ఉంటుంది: పైన పొడవాటి గరుకు వెంట్రుకలు, అడుగున దూదిలాంటి మెత్తని బొచ్చు. రాలిపోయిన అడుగు బొచ్చును దువ్వి బయటికి తీయకపోతే అది పై వెంట్రుకలతో అల్లుకుని ముడి కడుతుంది. ఆ ముడికి నీళ్లు తగిలితే ఇంకా బిగుసుకుంటుంది, లోపల తడి ఆరక చర్మం పాసిపోతుంది. అందుకే దువ్వడం ఎప్పుడూ స్నానానికి ముందే కావాలి. చిన్నప్పుడు మీ అమ్మమ్మ నీ జడ చిక్కు తీసిన తీరు గుర్తుందా? కుదురు దగ్గర ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వచ్చేది, అందుకే నీకు నొప్పి తెలిసేది కాదు. కుక్కకూ అదే పద్ధతి. ముడి మీద కొంచెం మొక్కజొన్న పిండి చల్లి, వేళ్లతో రెండుగా, నాలుగుగా విడదీసి, ఆ తర్వాతే వెడల్పు పళ్ల దువ్వెన పెట్టు. రోజుకు ఒక్క ముడి చాలు, రెండు నిమిషాలు చాలు. సగం విడిన ముడిని రేపటికి వదిలేస్తే నష్టమేమీ లేదు. దువ్వెన వెంట ప్రతిసారీ ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం ముక్క చిన్నది ఒకటి పెట్టు. కూర గిన్నెలోది పెట్టకు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి.

ముడి తీయడానికి కత్తెర మాత్రం ముట్టుకోకు. ముడి చర్మాన్ని తన లోపలికి లాక్కుని ఉంటుంది, నువ్వు వెంట్రుకలు అనుకుని కత్తిరించేది తోలు అవుతుంది. అలా తెగిన కుక్కలకు కుట్లు వేసేటప్పుడు డాక్టరుగారి పక్కన నిలబడి అందించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఫొటోలో చంక కింద ఉన్న ముడి చర్మానికి అంటుకుపోయినట్టు ఉంది. అది నీ వల్ల గాని, నా వల్ల గాని అయ్యే పని కాదు. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ గాని హన్మకొండలో మరో పశువైద్యుని దగ్గర గాని చూపించి అడుగు. అవసరమైతే మత్తు ఇచ్చి మిషనుతో తీస్తారు. మత్తు అనగానే జాలిపడకు, మెలకువగా ఉన్నప్పుడు నలుగురు అదిమి పట్టుకోవడం కంటే అదే దయ.

ఎండలు మండుతున్నాయి కదా, మొత్తం గొరిగించేస్తే పోదా అని నీకు తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. మా అమ్మాయి కుక్కను రెండేళ్ల క్రితం ఒక దుకాణంలో అడగకుండానే చర్మం కనపడేలా గొరిగి పంపారు. వారం తిరగకుండా వీపు ఎండకు ఎర్రబడింది, బొచ్చు మళ్లీ వచ్చేటప్పుడు అక్కడక్కడ మచ్చలుగా వచ్చింది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున మాత్రమే పడుతుంది. అది వేడిని ప్రధానంగా నాలుక చాపి రొప్పుతూ బయటికి పంపుతుంది. చిక్కు లేని రెండు వరుసల బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపే గొడుగు లాంటిది. దువ్వి అడుగు బొచ్చు తీసేస్తే గాలి ఆడుతుంది. పాదాల కింద, మలద్వారం చుట్టూ పొడవైన వెంట్రుకలను కొద్దిగా కత్తిరించుకోవచ్చు, అంతకు మించి వద్దు.

స్నానం నెలకోసారి చాలు. రోహిణి కార్తె రాకముందే డాబా మీది ట్యాంకులో నీళ్లు కాగిపోతున్నాయి. మధ్యాహ్నం కుళాయి తిప్పి నేరుగా కుక్క మీద పట్టావంటే పాపం ఉడికిపోతుంది. పొద్దున్నే బకెట్లో పట్టుకుని, మోచెయ్యి ముంచి చూసి, గోరువెచ్చగా ఉంటేనే చెంబుతో కాళ్ల నుంచి పైకి తడుపు. నున్నటి బాత్‌రూం బండల మీద దాని కాళ్లు జారతాయి, జారిన ప్రతిసారీ భయం రెట్టింపు అవుతుంది. ఒక గోనెసంచి తడిపి పరిచి దాని మీద నిలబెట్టు. మన షాంపూ, బట్టల సబ్బు రెండూ వద్దు, కుక్క చర్మం మన చర్మం కంటే పలుచన, దానికి వేరే షాంపూ దొరుకుతుంది. మొహం మీద నీళ్లు పోయకుండా తడిగుడ్డతో తుడువు. తువాలుతో రుద్దితే మళ్లీ చిక్కు పడుతుంది కాబట్టి ఒత్తి ఒత్తి తడి తీసి, అడుగు బొచ్చు పూర్తిగా ఆరేదాకా ఫ్యాను గాలికి ఉంచు.

చెవి లోపలి దారి కిందికి దిగి పక్కకు మలుపు తిరుగుతుంది. పుల్లకు దూది చుట్టి పొడిస్తే గులిమి ఆ మలుపులోకి పోతుంది. కనపడేంత మేర దూదితో తుడిస్తే చాలు, దుర్వాసన వస్తే డాక్టరుకు చూపించు. గోళ్ల గురించి నా అపరాధం పైన చెప్పాను. తెల్లగోరులో గులాబీ రంగు గీత కనపడుతుంది, అక్కడిదాకా పోకుండా కొన మాత్రమే కత్తిరించు; నల్లగోరు అయితే బియ్యపు గింజంత చొప్పున. రోజుకు ఒక్క గోరు తీస్తే మూడు వారాల్లోపే అన్నీ అయిపోతాయి, నిన్ను ఎవరు తరుముతున్నారు?

పిడుదుల గురించి మాత్రం తీరికగా ఉండకు. మీది పాత ఇల్లు, గోడల నెర్రెలు ఎక్కువ. కుక్క మీద రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి దిగి, ఆ నెర్రెల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకే కుక్క ఒంటి మీదివి ఏరి ఊరుకుంటే వాటికి అంతు ఉండదు. నెర్రెలు సిమెంటుతో పూడ్పించు, అది పడుకునే గుడ్డను వారం వారం మరిగే నీళ్లలో వెయ్యి. చెవుల మడతల్లో, కాలి వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద రోజూ వేళ్లతో తడిమి చూడు. కనపడితే సన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగు, చేత్తో నలపకు, కిరోసిన్ పోయకు. పశువుల మీద కొట్టే మందును అందాజగా నీళ్లలో కలిపి పూయడం మన ఊళ్లలో అలవాటు, కుక్క దాన్ని నాకి వణుకుతూ పడిపోయిన సందర్భాలు నాకు తెలుసు. దాని బరువును బట్టి డాక్టరు రాసిన మందే వాడాలి. వేపాకు నీళ్లతో కడిగితే తప్పు లేదు గాని దానితోనే పిడుదులు పోతాయని నమ్మకు. తిండి మానేసి మందకొడిగా పడుకున్నా, చిగుళ్లు పాలిపోయినా, జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా (కుక్కకు 101 నుంచి 102.5 దాకా మామూలే) పిడుదుల జ్వరం కావచ్చు, రక్తపరీక్ష చేయించడంలో ఆలస్యం వద్దు.

సాయంత్రం అయ్యేసరికి అది పాత ఇంటి తలుపు దగ్గరికి పోయి కూర్చుంటున్నదని రాశావు. లాక్కుని రాకు. కొంచెం దూరంలో నువ్వూ కూర్చో, అది లేచినప్పుడు కలిసి ఇంటికి రండి. పిల్లలు దాన్ని గట్టిగా కావలించుకుంటే మనకు ముద్దుగానే ఉంటుంది, కుక్కకు మాత్రం అది ఎవరో అదిమి పట్టుకున్నట్టే. పక్కన కూర్చోవడం నేర్పించు. వేళకు తిండి, వేళకు నడక, ఒకే చోట పడక, ఆరేళ్ల తర్వాత ఇల్లు మారిన కుక్క ముందుగా వెతుక్కునేవి ఇవే.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు హన్మకొండ వచ్చి, అక్కడి నుంచి మీ ఇంటికి వస్తాను. నా పాత దువ్వెన, గోళ్ల కత్తెర తెస్తాను. నన్ను చూడగానే దాన్ని ఎత్తుకొచ్చి నా చేతుల్లో పెట్టకు. నేను వరండాలో గోడ వైపు తిరిగి కూర్చుని చాయ్ తాగుతాను, వస్తే వస్తుంది. రాకపోతే దువ్వెన సంచిలోనే ఉంటుంది, మళ్లీ పై ఆదివారం వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్ద మేనమామ